కాలు బెణికితే: వాపు తగ్గాక మొదలయ్యే అసలు పని

షటిల్ ఆడుతూ వెనక్కి ఎగిరి దిగేసరికి నా కుడికాలు పక్కవాడి బూటు మీద పడింది. పాదం లోపలికి మడత పడి, చీలమండ దగ్గర 'టక్' మని చిన్న చప్పుడు వచ్చింది. కోర్టు పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి తలా ఒక వైద్యం చెప్పారు. ఒకాయన నూనె రాసి నులిమితే పోతుందన్నాడు. ఇంకొకాయన ఉప్పేసిన వేడినీళ్లలో కాలు పెట్టమన్నాడు. మూడో ఆయన వాళ్ల చిన్నమ్మ ఎదురుకాళ్లతో పుట్టిందని, ఆవిడ చేత ఒక్కసారి తొక్కించుకుంటే చాలని, కావాలంటే తనే తీసుకెళ్తానని అన్నాడు. చివరి కుర్రాడు రాకెట్ సర్దుకుంటూ "రెండు వారాల్లో అదే తగ్గిపోద్దిలే అన్నా" అన్నాడు.

ఆ కుర్రాడు చెప్పినట్టే పన్నెండు రోజుల్లో వాపు దిగింది, నడక మామూలైంది. అయిదో వారంలో మెట్లు దిగుతుంటే, చేతిలో బరువు లేదు, తడి లేదు, అదే కాలు మళ్లీ అలాగే మడత పడింది.

ఇది నా ఒక్కడి కథ కాదు. మొదటిసారి చీలమండ బెణికినవాళ్లను ఐర్లండ్‌లో ఏడాదిపాటు గమనించారు. 2016లో వచ్చిన ఆ అధ్యయనంలో నూటికి 40 మందికి ఏడాది తర్వాత కూడా ఆ కాలు మీద పట్టు కుదరలేదు. మధ్యమధ్యలో జారిపోవడం, మళ్లీ బెణకడం, నమ్మకం లేకపోవడం. వాపు తగ్గడాన్ని మనం బెణుకు తగ్గడం అనుకుంటాం. చిక్కంతా అక్కడే ఉంది. అందుకే ఇందులో మొదటి వారం గురించి కొంచెం, ఆ తర్వాతి ఎనిమిది వారాల గురించి ఎక్కువ చెబుతాను.

ముందు ఎముక సంగతి తేల్చుకోండి

బెణికిన ప్రతి కాలికీ ఎక్స్‌రే అక్కర్లేదు. అలాగని 'నడవగలుగుతున్నాను కదా' అని వదిలేయకూడదు. ఈ రెంటికీ మధ్య గీత గీయడానికి కెనడాలో ఇయాన్ స్టీల్ అనే ఎమర్జెన్సీ డాక్టరు, ఆయన సహచరులు 1992లో కొన్ని నియమాలు ప్రచురించారు. ఒటావా నియమాలంటారు. విరిగిన ఎముకను ఇవి దాటవేయడం చాలా అరుదని తర్వాత ఎన్నో దేశాల్లో పరీక్షించి చూశారు. అనవసరపు ఎక్స్‌రేలు కూడా 30 నుంచి 40 శాతం తగ్గాయి.

ఇంట్లోనే చూసుకోవచ్చు. చీలమండకు బయటవైపు ఒక ఎముక బుడిపె, లోపలివైపు ఒకటి ఉంటాయి. ఆ బుడిపెల కొసను, కొస నుంచి పైకి వెనక అంచు వెంట 6 సెంటీమీటర్ల మేర, వేలితో గట్టిగా నొక్కండి. తర్వాత పాదం బయటి అంచున, చిటికెనవేలి నుంచి మడమ వైపు వస్తుంటే సగం దారిలో ఒక ఎముక పొడుచుకొచ్చి తగులుతుంది, దాన్ని నొక్కండి. చివరగా పాదం లోపలి అంచున, లోపలి బుడిపెకు కాస్త ముందుగా, కిందుగా ఉండే ఎముకను. వీటిలో ఏ ఒక్కచోట ఎముక మీదే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించండి. నొక్కేది ఎముకను, వాచిన మెత్తటి చోటును కాదు. వాచిన చోట ఎలాగూ నొప్పి ఉంటుంది.

రెండోది నడక. దెబ్బ తగిలిన వెంటనే నాలుగు అడుగులు వేయలేకపోయి, తర్వాత ఆసుపత్రికి వెళ్లాక కూడా వేయలేకపోతే ఎక్స్‌రే కావాలి. కుంటుతూ వేసినా అడుగు అడుగే.

ఈ లెక్క అందరికీ సరిపోదు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు ఎముక విరిగినా నొప్పి తెలియకపోవచ్చు. వాళ్లు, చిన్నపిల్లలు, మందు మత్తులో పడ్డవాళ్లు నేరుగా డాక్టరుకు చూపించుకోవాలి. కాలు వంకర తిరిగినా, పాదం చల్లబడి తిమ్మిరెక్కినా ఎదురుచూడొద్దు. నొప్పి చీలమండ కంటే పైన, రెండు ఎముకలు కలిసే చోట ఉండి, పిక్కను రెండువైపుల నుంచి నొక్కితే అక్కడ నొప్పి వస్తే అది వేరే రకం బెణుకు. తగ్గడానికి ఎక్కువకాలం పడుతుంది, కింద చెప్పే లెక్కలు దానికి కుదరవు.

విరిగిన ఎముకలకు నాటువైద్యులు వేసే పుత్తూరు కట్టుకు వెళ్లాలా అని మా చిత్తూరు చుట్టాలు ప్రతిసారీ అడుగుతారు. ఎక్కడికి వెళ్లాలన్నది తర్వాతి మాట, ఎముక సంగతి తేలకుండా ఎవరి చేతా కాలు లాగించుకోవద్దు, నులిమించుకోవద్దు.

మొదటి మూడు రోజులు

మనందరికీ తెలిసిన సూత్రం విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తి పెట్టడం. ఇంగ్లిష్ మొదటి అక్షరాలు కలిపి 'రైస్' అంటారు. దాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చింది గేబ్ మిర్కిన్ అనే అమెరికన్ డాక్టరు. 2014లో ఆయనే మాట మార్చుకున్నారు: ఐస్, పూర్తి విశ్రాంతి రెండూ మానడాన్ని ఆలస్యం చేయవచ్చని రాశారు. దెబ్బ తగిలిన చోటికి రక్తకణాలు చేరి, పాడైన కణజాలాన్ని శుభ్రంచేసి, బాగుచేసే పని మొదలుపెడతాయి. మనం వాపు అంటున్నది ఆ పనిలో ఒక భాగం. దాన్ని పూర్తిగా అణిచేయాలన్న తొందర మంచిది కాకపోవచ్చన్నది ఆయన మాటల సారం.

2019లో డుబువా, ఎస్క్యులియే అనే ఇద్దరు కెనడా ఫిజియోథెరపిస్టులు కొత్త సూత్రం చెప్పారు. అందులో ఐస్ లేదు. మొదటి రోజుల్లో కాలును కాపాడుకోవడం, ఎత్తి పెట్టడం, కట్టు కట్టడం. ఆ తర్వాత వీలైనంత త్వరగా బరువు మోపడం, కదిలించడం, వ్యాయామం. తగ్గుతుందన్న నమ్మకానికి కూడా అందులో చోటిచ్చారు.

నా మాట: నొప్పి భరించలేకుండా ఉంటే ఐస్ పెట్టుకోండి, పలుచని గుడ్డ చుట్టి పది పదిహేను నిమిషాలు. అది నొప్పి మందు లాంటిది, ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్‌ను అతికించే మందు కాదు. నొప్పి బిళ్లల విషయంలో కూడా గాభరా వద్దు. ఇలాంటి దెబ్బలకు పారాసెటమాల్, వాపు తగ్గించే బిళ్లలు రెండూ నొప్పిని ఒకేలా తగ్గిస్తాయని, వైద్య పరిశోధనల్ని కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2020 నాటి సమీక్ష చెబుతోంది. అలాంటప్పుడు కడుపుకు తేలికగా ఉండే పారాసెటమాల్‌తో సరిపెట్టుకోవచ్చు.

కట్టు కట్టడంలో చాలామంది తప్పు చేస్తారు. క్రేప్ బ్యాండేజ్‌ను చీలమండ దగ్గర మొదలుపెట్టి అక్కడే నాలుగు చుట్లు చుడతారు. వాపంతా వేళ్లలోకి దిగుతుంది. వేళ్ల మొదట్లో మొదలుపెట్టండి. పాదం చుట్టూ రెండు చుట్లు, అక్కడి నుంచి ఎనిమిది అంకెలా చీలమండ చుట్టూ తిప్పి, మళ్లీ పాదం కిందకు, ఇలా పైకి వెళ్తూ పిక్క మొదట్లో ఆపండి. కింద కాస్త బిగువుగా, పైకి వెళ్లేకొద్దీ వదులుగా. బొటనవేలి గోరు నొక్కి వదిలితే వెంటనే ఎర్రబడాలి. వేళ్లు నీలంగా ఉన్నా, జివ్వుమంటున్నా విప్పి మళ్లీ కట్టండి. రాత్రి తీసేసి పడుకోవచ్చు.

ఎత్తి పెట్టడమంటే స్టూలు మీద పెట్టడం కాదు, గుండె కంటే పైన. పడుకుని కాలి కింద రెండు దిండ్లు. ఇక వేడి కాపడం, ఉప్పునీళ్లు, నులమడం, మద్యం తాగడం, ఈ మూడు రోజులూ ఏవీ వద్దు.

మరీ తీవ్రమైన బెణుకైతే, అడుగు కూడా పెట్టలేకపోతే, డాక్టరు కొద్ది రోజులు పిండికట్టు వేస్తానంటే భయపడొద్దు. 2009లో బ్రిటన్‌లో 584 మందిపై చేసిన అధ్యయనంలో అలాంటివాళ్లకు ట్యూబులా ఉండే సాగే పట్టీ కంటే పది రోజుల పిండికట్టు మూడు నెలల నాటికి మెరుగ్గా పనిచేసింది. పది రోజులు. నాకు రెండోసారి బెణికినప్పుడు ఊళ్లో ఒకచోట మూడు వారాలు వేశారు. విప్పి చూస్తే పిక్క చేమదుంపలా సన్నబడిపోయింది. మామూలు బెణుక్కి అంతకాలం కదలకుండా ఉంచడం వద్దనే ఇప్పటి మార్గదర్శకాల మాట.

మూడో రోజు నుంచి: అ ఆ ఇ ఈ

నొప్పి ఓర్చుకోగలిగినంత మేర నడవడం మొదలుపెట్టండి. కర్ర పట్టుకోవాలంటే బెణికిన కాలికి ఎదురు చేతిలో పట్టుకోండి. అదే వైపు పట్టుకుని ఒరిగి నడవడం మన అలవాటు, దానివల్ల కాలి మీద భారం అంతగా తగ్గదు. అడుగు చిన్నదైనా పర్వాలేదు, మడమ ముందు ఆని, తర్వాత వేళ్లు ఆని, వేళ్లతో తోయాలి. పాదాన్ని పలకలా ఒకేసారి దించుతూ నడిస్తే అదే అలవాటైపోతుంది.

మొదటి వారం నుంచే వ్యాయామం మొదలుపెడితే హాని ఉండదా అన్నది బ్లీక్లీ అనే పరిశోధకుడి బృందం 101 మందిపై పరీక్షించి 2010లో ప్రచురించింది. ముందే మొదలుపెట్టినవాళ్లకు మొదటి రెండు వారాల్లో కాలు బాగా పనిచేసింది. వాళ్లకు వాపేమీ పెరగలేదు.

కుర్చీలో కూర్చుని కాలు చాపి, బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయండి. ఇంగ్లిష్ వీడియోల్లో ఏబీసీడీలు రాయమంటారు. వాటిలో ఎక్కువగా నిలువు గీతలు, అడ్డగీతలే. మన గుండ్రటి అక్షరాలే ఈ పనికి మేలు. 'ఋ' రాసేసరికి చీలమండ అన్ని దిక్కులూ తిరుగుతుంది. మోకాలు తిప్పకుండా పాదంతోనే రాయాలి. అ నుంచి అః దాకా, రోజుకు మూడు నాలుగుసార్లు.

నిలబడగలిగాక గోడ పరీక్ష. గోడకు ఎదురుగా నిలబడి, పాదాన్ని గోడ నుంచి కొంచెం దూరంలో పెట్టి, మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించండి. తాకితే పాదాన్ని కొద్దిగా వెనక్కి జరిపి మళ్లీ చేయండి. మోకాలు తాకగలిగిన ఆఖరి చోట బొటనవేలికి, గోడకు మధ్య దూరం స్కేలుతో కొలవండి. మంచి కాలిదీ కొలవండి. పిండికట్టు విప్పిన మూడో వారంలో నాకు ఎడమ 11, కుడి 6 వచ్చింది. ఇలాంటి తేడాయే మెట్లు దిగేటప్పుడు నన్ను పడేసి ఉంటుంది. ఈ పరీక్షే వ్యాయామం కూడా, రోజూ పదిసార్ల చొప్పున రెండు విడతలు చేస్తే తేడా తగ్గుతూ వస్తుంది.

బలానికి రెండు చాలు. ఒకటి, గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేచి నెమ్మదిగా దిగడం, ముందు రెండు కాళ్లతో, తర్వాత ఒక్క కాలితో. రెండోది కాలి బయటివైపు కండరాలకు. పాత సైకిల్ ట్యూబు ముక్కను మంచం కోడుకు కట్టి, రెండో కొస పాదానికి తగిలించి, పాదాన్ని బయటికి లాగండి. పడిపోబోతున్న పాదాన్ని ఆఖరి క్షణంలో వెనక్కి లాగి నిలబెట్టే కండరాలు ఇవే.

ఒంటికాలి లెక్క

పిండికట్టు విప్పాక మూడో వారంలో ఫిజియో దగ్గరికి వెళ్లాను. నేను నొప్పి గురించి చెబుతుంటే ఆవిడ మధ్యలో ఆపి, "సార్, ఆ కాలి మీద ఒక్కదాని మీదే నిలబడండి" అంది. నిలబడ్డాను. "ఇప్పుడు కళ్లు మూసుకోండి." మూసుకుని మూడు అంకెలు లెక్కపెట్టేలోపు గోడ పట్టుకున్నాను. ఎడమకాలి మీద ఇరవై దాటింది. ఆవిడ నవ్వి, "నొప్పి లేదు కదా, మరి ఎందుకు పడ్డారు?" అంది.

లిగమెంట్ అంటే రెండు ఎముకల్ని కలిపే తాడు మాత్రమే అనుకుంటాం. అందులో నరాల కొసలు కూడా ఉంటాయి. పాదం ఎంత వంగింది, ఎటు ఒరిగింది అన్న కబురు అవి మెదడుకు పంపుతాయి. పాదం లోపలికి మడత పడినప్పుడు ఎక్కువగా తెగేది బయటి బుడిపెకు ముందుండే ఏటీఎఫ్ఎల్ అనే లిగమెంట్. అది సాగినా చిరిగినా తాడుతో పాటు కబురు కూడా తెగుతుంది. తాడు ఎంతో కొంత అతుక్కుంటుంది. కబురు వేగం మాత్రం సాధన చేస్తేనే తిరిగొస్తుంది. పాదం మడత పడటానికి పట్టేది రెప్పపాటు, ఆలోపు కండరం మేలుకోవాలి.

దీన్ని ఇంట్లోనే సాధించవచ్చా అని నెదర్లాండ్స్‌లో 522 మంది క్రీడాకారులపై చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. సగం మందికి మామూలు చికిత్స, మిగతా సగానికి దాంతో పాటు ఎనిమిది వారాల బ్యాలెన్స్ వ్యాయామాలు ఇచ్చారు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి అరగంటకు మించకుండా, పక్కన ఎవరూ ఉండకుండానే. ఏడాదిలో మళ్లీ బెణికినవాళ్లు వ్యాయామం చేయనివాళ్లలో 33 శాతం, చేసినవాళ్లలో 22 శాతం. పైసా ఖర్చు లేని పనికి ఇది చిన్న ఫలితం కాదు.

నేను చేసిన వరస చెబుతాను. అన్నిటికీ గోడ పక్కనే నిలబడండి, చెప్పులు లేకుండా.

మొదటి రెండు వారాలు గట్టి నేల మీద ఒంటికాలిపై, మోకాలు కొద్దిగా వంచి, 30 సెకన్లు. కాలుకు అయిదేసి సార్లు. పళ్లు తోముకునేటప్పుడు కూడా నిలబడండి, అది లెక్కలోకి రాని బోనస్. పాదం లోపల చిన్నచిన్న కండరాలు వణుకుతుంటాయి. ఆ వణుకు కోసమే ఇదంతా, ఆపొద్దు.

మూడు, నాలుగు వారాలు కళ్లు మూసుకుని. 10 సెకన్ల దగ్గర మొదలుపెట్టి 30కి రండి. కళ్లు తెరిచి ఉంటే చూపు సాయం చేసేస్తుంది, చీలమండకు పని తగ్గిపోతుంది. తల తిరిగే జబ్బు ఉన్నవాళ్లు, పెద్దవయసువాళ్లు ఈ భాగం వదిలేసి, కళ్లు తెరిచే ఎక్కువసేపు చేయాలి.

అయిదు, ఆరు వారాలు మెత్తటి దాని మీద. బ్యాలెన్స్ బోర్డు కొనక్కర్లేదు, మడతపెట్టిన బొంత చాలు. దాని మీద ఒంటికాలిపై నిలబడి టెన్నిస్ బంతిని గోడకు కొట్టి పట్టుకోండి. మనసు బంతి మీదకు పోతుంది కాబట్టి కాలు తనంతట తాను నిలబడటం నేర్చుకుంటుంది. ఆటలో జరిగేది అదే కదా. నాలుగో రోజు బంతి వెళ్లి టీవీ పక్కన ఫొటోకు తగిలింది. ఆ తర్వాత డాబా మీద చేశాను.

ఏడు, ఎనిమిది వారాలు గెంతడం. ముందు రెండు కాళ్లతో అక్కడక్కడే. తర్వాత ఒంటికాలితో ముందుకు గెంతి, దిగిన చోట రెండు సెకన్లు కదలకుండా నిలబడాలి. దూరం కాదు ముఖ్యం, ఆ నిలబడటం. తర్వాత పక్కలకు, వంకరటింకరగా. నేను డాబా మీద సుద్దముక్కతో గళ్లు గీసి తొక్కుడు బిళ్ల ఆడాను. ఒంటికాలిపై గెంతడం, గీత తొక్కకుండా దిగడం, వంగి బిళ్ల తీయడం, ఫిజియో చెప్పినవన్నీ అందులోనే ఉన్నాయి. పక్కింటి పాప "అంకుల్ గీత తొక్కారు, అవుట్" అని మూడుసార్లు పట్టుకుంది.

ఏ దశలోనైనా మర్నాటి పొద్దుటికి వాపు పెరిగితే ఒక మెట్టు వెనక్కి రండి. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉండటం మామూలే.

బ్రేస్ వేసుకోవాలా?

చీలమండకు బిగించుకునే ఈ ఆధారాన్ని వేసుకోండి, ఆట ఆడేటప్పుడు. నెదర్లాండ్స్‌లోనే ఇంకో అధ్యయనం, 384 మందిపై, 2014లో వచ్చింది. ఏడాదిపాటు ఆటల్లో బ్రేస్ వేసుకున్నవాళ్లలో 15 శాతం మందికి మళ్లీ బెణికింది. ఎనిమిది వారాల వ్యాయామం మాత్రమే చేసినవాళ్లలో 27 శాతం. రెండూ చేసినవాళ్లలో 19 శాతం. రెండూ చేస్తే తక్కువ రావాలి కదా అనిపిస్తుంది. కానీ ఆ మూడో గుంపు బ్రేస్ వేసుకున్నది ఎనిమిది వారాలే. నా మటుకు నేను అర్థం చేసుకున్నది ఎనిమిది వారాలు వ్యాయామం, ఏడాది పాటు కోర్టులో బ్రేస్. బ్రేస్ వేసుకుంటే కాలు బలహీనపడుతుందన్న భయంతో చాలామంది మానేస్తారు. పై లెక్కలు చూస్తే మానేయడమే నష్టం.

కొనేటప్పుడు లేసులు ఉండి, పక్కలకు పట్టీలు బిగించుకునే రకం తీసుకోండి. సాక్సులా తొడుక్కునే సాగే గుడ్డ వెచ్చగా ఉంటుందే గానీ పాదాన్ని మడత పడకుండా ఆపదు. బూటు వేసుకుని కొట్టుకు వెళ్లండి, బ్రేస్ మీద ఆ బూటు పట్టాలి.

మళ్లీ కోర్టులోకి

'ఆరు వారాలైంది, ఆడేయొచ్చు' అన్న క్యాలెండర్ లెక్క వద్దని 2021లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి చెప్పింది. వాళ్లు అయిదు విషయాలు చూడమన్నారు: నొప్పి, చీలమండ కదలిక-బలం, మీ నమ్మకం, బ్యాలెన్స్, ఆటలో చేసే కదలికలు. నేను వాటిని ఇలా మార్చుకున్నాను. గోడ పరీక్షలో రెండు కాళ్ల తేడా ఒక సెంటీమీటరుకు రావాలి. ఒంటికాలిపై మునివేళ్ల మీద లేవడం రెండు కాళ్లకూ దాదాపు సమానంగా రావాలి. గెంతి దిగి నిలబడగలగాలి. మర్నాడు వాపు రాకూడదు. నమ్మకం సంగతి కోర్టులో తేలింది. మొదటి రోజు షటిల్ వెనక్కి వెళ్తే నేను ఎగరలేదు, చూస్తూ వదిలేశాను. అంటే ఇంకా కాలేదన్నమాట. మరో రెండు వారాలు డబుల్స్ మానేసి, ఖాళీ కోర్టులో వెనక్కి ఎగిరి దిగడం ఒక్కటే చేశాను.

మూడు నెలలు దాటినా కాలు జారిపోతూ ఉంటే, లోపల ఏదో ఇరుక్కున్నట్టు పట్టేస్తుంటే, బుడిపె వెనక టకటకమని, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువు జరుగుతున్నట్టు ఉంటే ఎముకల డాక్టరును కలవండి. కీలులో ఎముకల కొసల మీద మెత్తగా ఉండే మృదులాస్థి దెబ్బతిందేమో, ఇంకేమైనా ఉందేమో ఎంఆర్ఐలో చూస్తారు. వెళ్లేటప్పుడు ఆ కాలి చరిత్ర రాసుకెళ్లండి. ఏ సంవత్సరం, ఏం చేస్తుండగా, ఎన్ని రోజులు కుంటారు అని. నన్ను డాక్టరు "ఇది రెండోసారా?" అని అడిగితే అవునన్నాను. ఫీజు కట్టి బయటికొచ్చాక గుర్తొచ్చింది, ఇంటర్‌లో కబడ్డీ ఆడుతూ ఒకసారి, అన్న పెళ్లి పందిరి గుంజ దగ్గర ఇంకోసారి. రెండుసార్లూ కుడికాలే. మళ్లీ లోపలికి వెళ్లి చెప్పాను.